మార్కుల కాగితం

ఇద్దరూ నాకు బాగా తెలిసినవాళ్లు. ఒకరు విశాఖపట్నంలో కెమిస్ట్రీ ప్రొఫెసరుగా రిటైరైన మాస్టారు. ఇప్పటికీ సెలక్షన్ కమిటీలకు బయటి నిపుణుడిగా ఆయనకు పిలుపులు వస్తుంటాయి. రెండో మనిషి ఆయన దగ్గరే పిహెచ్‌డి చేసి, హైదరాబాదులో పాఠాలు చెబుతూ, ఒక జర్నల్ సంపాదకవర్గంలో కూడా ఉన్న శిష్యురాలు. 2025 జూన్‌లో 'నేచర్' పత్రిక ఒక ప్రకటన చేసింది. ఇకమీదట కొత్తగా తమ దగ్గరికొచ్చి అచ్చుకు ఎంపికైన ప్రతి పరిశోధన పత్రంతోపాటు, దాన్ని పరిశీలించిన రివ్యూయర్ల నివేదికలనూ, రచయితలిచ్చిన జవాబులనూ కూడా ప్రచురిస్తామంది. మాస్టారికి ఈ కబురు నచ్చలేదు. ఆమెకు తెగ నచ్చింది. నువ్వెవరి పక్షమని నన్నడిగితే, చాలావరకు ఆమె పక్షమే. పూర్తిగా మాత్రం కాదు.

మాస్టారు: విస్తరి ముందు కూర్చున్నవాడికి వంటింటి గొడవెందుకమ్మా? రివ్యూయర్‌కీ రచయితకీ మధ్య వంద జరుగుతాయి. అచ్చయిన పేపర్ నిలబడుతుందా లేదా, అదీ లెక్క. సైన్సులో సత్యం తేల్చేది ప్రయోగం. నువ్వు చేసింది ఇంకొకడు చేసి చూస్తాడు. వస్తే నిజం, రాకపోతే అబద్ధం. దీనికి నిజాయితీ అని ఒక కమిటీ, పారదర్శకత అని ఒక కమిటీ, స్త్రీ పురుష సమానత్వం అని ఇంకో కమిటీ. ముగ్గురు చైర్మన్లు, మూడు సర్క్యులర్లు!

శిష్యురాలు: మూడు కమిటీలు దండగే, ఒప్పుకుంటాను. ఎందుకంటే అది ఒకటే సంగతి. ప్రయోగం సత్యం తేలుస్తుంది సరే, ఆ ప్రయోగం చేసే అవకాశం ఎవరికివ్వాలో తేల్చేది ప్రయోగం కాదుగా? తలుపులేసుకుని కూర్చున్న నలుగురు. వాళ్ల లెక్క ఎవరు చూడాలి?

మాస్టారు: వాళ్ల మనస్సాక్షి.

శిష్యురాలు: స్వీడన్లో ఆ మనస్సాక్షిని కోర్టు ద్వారా బయటికి తెప్పించి చదివారు. గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టీన్ వెన్నెరోస్, ఆగ్నెస్ వోల్డ్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు. అక్కడి వైద్య పరిశోధన మండలి పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్‌లకు 1995లో 114 మంది దరఖాస్తు చేశారు. అందులో 52 మంది ఆడవాళ్లు. ఫెలోషిప్‌లు వచ్చింది 20 మందికి. ఆ 20లో ఆడవాళ్లు నలుగురు.

మాస్టారు: మిగతా ఆడవాళ్ల పని అంత గొప్పగా లేదేమో.

శిష్యురాలు: వీళ్లకూ మొదట వచ్చిన అనుమానం అదే. తేల్చుకుందామని మార్కుల కాగితాలు అడిగారు. మండలి ఇవ్వనంది. స్వీడన్లో ప్రభుత్వ కాగితం ఎవరైనా అడిగి చూడొచ్చనే చట్టం 1766 నుంచీ ఉంది. వీళ్లు దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లారు. రివ్యూయర్లు వేసిన మార్కులు కూడా ప్రభుత్వ పత్రాలేనని అప్పీలు కోర్టు చెప్పింది. అప్పుడొచ్చాయి కాగితాలు.

మాస్టారు: ఏముంది వాటిలో?

శిష్యురాలు: ఒక్కో దరఖాస్తును ఐదుగురు చూస్తారు. ఒక్కొక్కరు మూడు గడులు నింపాలి. మనిషి సామర్థ్యం, ప్రతిపాదన ప్రాసంగికత, పద్ధతి నాణ్యత. ప్రతి గడిలో 0 నుంచి 4 దాకా. మనం కూడతాం కదా, వాళ్లు గుణించారు. మూడు గడుల్లోనూ 3 వస్తే 27. ఒక్క గడిలో 3 బదులు 2 పడితే 18. అంటే ఎవరికో ఎందుకో ఆ మనిషి కొంచెం తక్కువ అనిపిస్తే చాలు, మొత్తంలో మూడోవంతు ఎగిరిపోతుంది. ఎవరూ కుట్ర చెయ్యక్కర్లేదు. ఆ తర్వాత వీళ్లు ప్రతి అభ్యర్థి పేపర్లు ఎన్ని, ఏ జర్నళ్లలో వచ్చాయి, ఎందరు ప్రస్తావించారు, అన్నీ లెక్కగట్టి సామర్థ్యం మార్కుల పక్కన పెట్టారు. అందరికంటే ఎక్కువ పని చేసిన ఆడవాళ్ల గుంపుకి వచ్చిన మార్కులు, అందరికంటే తక్కువ పని చేసిన మగవాళ్ల గుంపుకి వచ్చిన మార్కులతో సమానం. మగవాడితో సమానంగా కనిపించాలంటే ఆడమనిషి రెండున్నర రెట్లు పని చూపించాలని 1997లో 'నేచర్'లోనే రాశారు.

మాస్టారు: అందులో ఇంకో సంగతి ఉంది. అది చెప్పకుండా దాటేస్తున్నావు.

శిష్యురాలు: మీరు చదివారా?

మాస్టారు: రిటైరయ్యాక చదవడం తప్ప పనేముంది? కమిటీలో తెలిసినవాడుంటే వచ్చే లాభం, మగవాడిగా పుట్టడం వల్ల వచ్చే లాభంతో దాదాపు సమానమని తేలింది. తమాషా ఏమిటంటే, ఆ తెలిసినవాడు మార్కులు వెయ్యడు. నియమం ప్రకారం తప్పుకుంటాడు. పక్కవాళ్లు వేస్తారు. 'మావాడి సంగతి కాస్త చూడండి' అని నోరు తెరిచి అనక్కర్లేదు. లేచి బయటికెళ్తే చాలు, ఎవరి మనిషో గదిలో అందరికీ అర్థమవుతుంది. నేను చూడని గదా అది?

(ఈ మాట అంటున్నప్పుడు మాస్టారి ముఖంలో వెటకారమేమీ లేదు.)

మాస్టారు: ఇంకా విను. 2008లో సాండ్‌స్ట్రోమ్, హెల్‌స్టెన్ అని ఇద్దరు అదే దేశంలో, అదే రకం కాగితాలు మళ్లీ తిరగేశారు. ఈసారి ఆడవాళ్లకు పది శాతం ఎక్కువే పడింది. తెలిసినవాళ్లున్నవాళ్లకు మాత్రం పదిహేను శాతం ఎక్కువ, చెక్కుచెదరకుండా. మరి బయటపెడితే రోగం కుదురుతుందన్నావు. ఒక రోగం కుదిరింది, రెండోది కుదరలేదేం?

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. నాకైతే మొత్తం సంభాషణలో బరువైన ప్రశ్న ఇదే అనిపించింది. ఆడవాళ్లపట్ల చిన్నచూపు బయటపడితే సభ్యసమాజంలో సిగ్గుచేటు. 'మావాడికి సాయం చేశాను' అన్నది బయటపడినా పెద్దగా సిగ్గు కాదు, కొన్నిచోట్ల గొప్ప కూడా. మన ఊళ్లలో అయితే చెప్పనే అక్కర్లేదు.

శిష్యురాలు: కుదరలేదని మీకెలా తెలిసింది మాస్టారూ? మళ్లీ కాగితాలు దొరికాయి కాబట్టేగా. మన దగ్గర ఏ రోగం ఎంతుందో చెప్పడానికి కాగితమే లేదు.

మాస్టారు: సరే, ఫెలోషిప్ సంగతి అలా ఉంచు. జర్నళ్లకొద్దాం. 2021లో 145 జర్నళ్ల లెక్కలు తీశారు. పీర్ రివ్యూలో ఆడవాళ్లకు అన్యాయం జరుగుతోందనడానికి ఆధారం దొరకలేదు. కొన్నిచోట్ల వాళ్ల పేపర్లే కాస్త మెరుగ్గా బయటపడ్డాయి.

శిష్యురాలు: ఆ లెక్క నిజమే. నేను సంపాదకవర్గంలో చూస్తున్నదీ దానికి విరుద్ధంగా లేదు. కానీ అది జర్నల్ గుమ్మం దాకా వచ్చినవాళ్ల లెక్క. పేపర్ మీద పేరే పడనివాళ్లు ఆ లెక్కలోకి రారు. అమెరికా ప్రయోగశాలల్లో జీతాల రికార్డులు తీసి, ఎవరెవరు ఆ పనిలో ఉన్నారో చూసి, పేపర్ మీద ఎవరి పేర్లున్నాయో పోల్చారు. ఆ పరిశోధన 2022లో వచ్చింది. అదే పనిలో ఉన్న మగవాడితో పోలిస్తే ఆడమనిషి పేరు రచయితల్లో చేరే అవకాశం దాదాపు 13 శాతం తక్కువ. ఇది ఏ రివ్యూయరూ చెయ్యలేదు. ల్యాబులోనే జరిగిపోయింది.

మాస్టారు: పేర్లు పెట్టేటప్పుడు గైడుకి కొంత స్వతంత్రం ఉండాలమ్మా. సీసాలు కడిగిన ప్రతివాడినీ రచయితను చెయ్యలేం.

శిష్యురాలు: మార్త్ గోత్యే సీసాలు కడగలేదు. ఆ సీసాలు కొన్నదే ఆవిడ. పారిస్‌లో పిల్లల డాక్టరు. హార్వర్డులో కణాలు పెంచడం నేర్చుకుని వచ్చింది. ట్రూసో ఆసుపత్రిలో ల్యాబ్ పెట్టడానికి డబ్బులిచ్చేవాళ్లు లేకపోతే అప్పు చేసి గాజు సామాను కొనుక్కుంది. కణాలు పెరగడానికి సీరం కావాలంటే తన రక్తమే తీసుకుంది. ప్లాస్మా కోసం ఒక కోడిపుంజును పెంచింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల కణాల్లో 46 బదులు 47 క్రోమోజోములున్నాయని అక్కడే తేలింది. ఫోటో తీసే మైక్రోస్కోపు తన దగ్గర లేదు. జెరోమ్ లెజ్యూన్ అనే సహోద్యోగి ఫోటోలు తీయిస్తానని స్లైడ్లు పట్టుకెళ్లాడు. 1959 జనవరిలో పేపర్ వచ్చింది. మొదటి పేరు లెజ్యూన్. రెండో పేరు ఈవిడది, అదీ తప్పుగా. మార్త్ కాస్తా మారీ అయింది.

మాస్టారు: ఫోటోలు తీసినవాడిదీ పనేగా?

శిష్యురాలు: పనే. కానీ దాన్నిబట్టి మొదటి పేరు రాదుగా. 2014లో ఫ్రాన్స్ వైద్య పరిశోధన సంస్థ ఇన్సెర్మ్ నైతిక కమిటీ, ఆ ఆవిష్కరణలో లెజ్యూన్‌ది ప్రధాన పాత్ర అయివుండే అవకాశం తక్కువని చెప్పింది. అప్పటికి ఈవిడకు తొంభైకి దగ్గర వయసు. అదే ఏడాది బోర్డోలో ఒక సదస్సులో మాట్లాడటానికి వెళ్తే, లెజ్యూన్ పేరిట ఉన్న ఫౌండేషన్ వాళ్లు ఆవిడ ప్రసంగాన్ని రికార్డు చేయించడానికి కోర్టు అనుమతితో అమీనాల్ని పంపారు. నిర్వాహకులు భయపడి ప్రసంగం రద్దు చేశారు. పేపర్ చివర 'కణాలు పెంచింది ఫలానావారు, ఫోటో తీయించింది ఫలానావారు' అని రెండు వాక్యాలుంటే ఇదంతా ఉండేదా? ఇప్పుడు చాలా జర్నళ్లు ఆ వాక్యాలు అడుగుతున్నాయి. దీన్ని నిజాయితీ అంటారా, పారదర్శకత అంటారా, సమానత్వం అంటారా?

మాస్టారు: మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు మగవాడేగా? హార్వర్డులో ఆయన పైనున్న ఫిస్క్ ఆయన పనిని వెలుగులోకి రానివ్వలేదని, తర్వాత ఇంకెవరో మళ్లీ మొదటినుంచి కనుక్కోవాల్సి వచ్చిందని, నోబెల్ వచ్చిన హిచింగ్స్ అంతటివాడే చెప్పాడు. భీమవరం కుర్రాడికి జరిగింది, పారిస్ డాక్టరమ్మకు జరిగింది. ఇది ఆడా మగా గొడవ కాదు. పై మెట్టు మీదున్నవాడు, కింది మెట్టు మీదున్నవాడు. అంతే.

శిష్యురాలు: నేనూ అదే అంటున్నాను. కింది మెట్టు మీద ఎవరెక్కువున్నారో చూడండి.

మాస్టారు: ప్రతిభ ఉన్నవాళ్లను ఎవరూ ఆపలేరు. కమలా సోహోనీని ఆపగలిగారా? 1933లో సి.వి. రామన్ గారు బెంగుళూరు ఇన్‌స్టిట్యూట్‌లో సీటు ఇవ్వనన్నారు. ఆవిడ పట్టుబట్టి చేరింది. కేంబ్రిడ్జికి వెళ్లి 1939కల్లా డాక్టరేట్ తెచ్చుకుంది. రామన్ గారూ మనసు మార్చుకుని ఆ తర్వాత ఆడపిల్లల్ని చేర్చుకున్నారు.

శిష్యురాలు: ఏడాది పాటు ప్రొబేషన్ పెట్టారు కదా. పక్కన కూర్చున్న అబ్బాయిలకు పెట్టారా ఆ ప్రొబేషన్? పైగా ఆవిడ గెలిచింది కాబట్టి మనకు పేరు తెలిసింది. 'ఆడపిల్లలకు సీటివ్వం' అంటే సరేనని ఇంటికెళ్లిపోయినవాళ్ల పేర్లు చెప్పండి చూద్దాం. సీటు నిరాకరించేటప్పుడు కారణం కాగితం మీద రాసి సంతకం పెట్టాలని నియమం ఉండి ఉంటే? 'ఆడపిల్ల కాబట్టి' అని రాయగలిగేవారా?

మాస్టారు: ఆ రోజుల్లోనా? నిక్షేపంగా రాసేవారు.

(ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను కానీ, ఆ జవాబులో ఆమె వాదానికి పెద్ద దెబ్బే ఉంది. సిగ్గుపడనివాడి ముందు పారదర్శకత పనిచెయ్యదు.)

మాస్టారు: ఇక నీ ఓపెన్ యాక్సెస్ సంగతి. తలుపులు బార్లా తెరవండి, అందరూ చదవాలి అన్నారు. ఏమైంది? చదివేవాడి దగ్గర వసూలు చేసే డబ్బు రాసేవాడి దగ్గర వసూలు చెయ్యడం మొదలుపెట్టారు. పేపర్ ఒప్పుకుంటేనే డబ్బొస్తుంది. ఇక కాదనేదెవరు? నాకు రోజూ ఉత్తరాలు. 'గౌరవనీయులైన ఆచార్యా, మీ అమూల్యమైన రచన పంపండి' అని. నేను కెమిస్ట్రీవాణ్ణి, గైనకాలజీ జర్నల్‌కి సంపాదకుడిగా ఉండమంటాడొకడు. ఆ వ్యాపారానికి పెద్ద ఉదాహరణ మీ హైదరాబాదులోనే ఉందిగా! ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. రివ్యూ చేశామని చెప్పుకుని సరిగా చెయ్యకపోవడం, పేపర్ ఒప్పుకున్నాక గానీ ఫీజు సంగతి చెప్పకపోవడం, వెనక్కి తీసుకుంటామంటే ఇవ్వకపోవడం, ఒప్పుకోని పెద్దల పేర్లు సదస్సుల ప్రకటనల్లో వేసుకోవడం. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది.

శిష్యురాలు: ఆ వ్యాపారంలో తెరిచి ఉన్నదేమిటి మాస్టారూ? ఫీజు దాచారు, రివ్యూ దాచారు, సంపాదకులెవరో దాచారు. పేపర్ ఒక్కటే తెరిచి పెట్టారు. 'నేచర్' చేస్తానన్నట్టు రివ్యూలు కూడా బయటపెట్టమంటే ఆ దుకాణాలు సాయంత్రానికి మూతపడతాయి. పెట్టడానికి రివ్యూ ఉంటేగా! దొంగ జర్నళ్లు ఎందుకు బతికాయో మీకు తెలుసు. 2022 దాకా థీసిస్ ఇవ్వాలంటే ముందు పేపర్ అచ్చయి తీరాలని యూజీసీ నియమం. ప్రమోషన్‌కి పేపర్, పాయింట్లకు పేపర్. 2018లో యూజీసీ తన జాబితాలోంచే 4,305 జర్నళ్లను తీసేసింది. అంటే అప్పటిదాకా వాటిని చూపించి జనం పాయింట్లు తెచ్చుకున్నారన్నమాటేగా. అయినా చిన్న దుకాణాల్ని అనడమెందుకు? హిందావీని కొన్నది వైలీ. రెండొందల ఏళ్ల ప్రచురణ సంస్థ. 2023 ఒక్క ఏడాదిలో హిందావీ పేరుతో వచ్చిన 8 వేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మాస్టారు: చదివేవాళ్ల కోసం ప్రభుత్వమే జర్నళ్లకు చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, మూడేళ్లకు 6 వేల కోట్లు.

శిష్యురాలు: ప్రభుత్వ సంస్థలకు. మన రెండు రాష్ట్రాల్లో ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసే లెక్చరర్‌కి ఇప్పటికైతే అందులో చోటు లేదు.

మాస్టారు: ఇక నిజాయితీ సంగతి. దానికోసం మా కాలంలో సాఫ్ట్‌వేర్లు లేవు. గైడు నోట్‌బుక్ చూసేవాడు. ఇప్పుడు థీసిస్‌లో ఇంకొకరి రాతతో పది శాతం పోలిక ఉంటే ఫరవాలేదు, అరవై దాటితే రిజిస్ట్రేషన్ రద్దు అని శాతాలు కట్టారు.

శిష్యురాలు: ఇక్కడ మీరే రైటు. ఆ సాఫ్ట్‌వేర్ కాపీ మాటల్ని పట్టుకుంటుంది. ప్రయోగం చెయ్యకుండా అంకెలు కల్పించినవాడి రాత అంతా కొత్తదే, పోలిక సున్నా వస్తుంది! ఎలిజబెత్ బిక్ అనే ఆవిడ సాఫ్ట్‌వేర్ లేకుండా కళ్లతో 20,621 పేపర్లలో బొమ్మలు చూసింది. ఒకే జెల్ పట్టీని తిప్పి, సాగదీసి వేరే ప్రయోగమని అతికించినవీ, ఇంకా ఇలాంటివీ పట్టుకుంది. వందకు దాదాపు నాలుగు పేపర్లలో తేడా బొమ్మలున్నాయని 2016లో చెప్పింది. అవన్నీ రివ్యూయర్లు చూసి పంపినవే. కోవిడ్ కాలంలో 'లాన్సెట్' ఏం చేసింది? ఆరు ఖండాల్లో 671 ఆసుపత్రులు, 96 వేల రోగుల లెక్కలని సర్జిస్ఫియర్ అనే చిన్న కంపెనీ చెబితే అచ్చేసింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల హాని అన్న ఆ పేపర్ చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు పరీక్షను తాత్కాలికంగా ఆపింది. అసలు డేటా చూపించమంటే కంపెనీ చూపించలేదు. రెండు వారాల్లో పేపర్ వెనక్కి. మీరన్నట్టు ఇంకొకడు చేసి చూడాలంటే, ముందు చూడ్డానికి డేటా ఉండాలిగా.

మాస్టారు: డేటా సంగతి ఒప్పుకున్నాను. నోట్‌బుక్ చూపించనివాడికి నేనెన్నడూ సంతకం పెట్టలేదు, నీక్కూడా తెలుసు. కానీ రివ్యూలు తెరవడం దగ్గర నా భయం వేరే. ఇరవయ్యారేళ్ల అమ్మాయి, ఉద్యోగం లేదు, ఒక పెద్దమనిషి పేపర్ రివ్యూకి వచ్చింది. అందులో తప్పుంది. పేరుతో సహా బయటపెడితే ఆ అమ్మాయి తప్పుందని రాస్తుందా? రాస్తే రేపు ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునేది ఆ పెద్దమనిషే. నీ పారదర్శకత వల్ల మొదట నోరు మూసుకునేది నువ్వు కాపాడాలనుకున్నవాళ్లే.

శిష్యురాలు: పేరు పెట్టమని నేననలేదు. 'నేచర్' కూడా అనలేదు, రివ్యూయర్ ఇష్టపడితే తప్ప. నివేదిక తెరవాలి, పేరు మూయొచ్చు. మన సుప్రీంకోర్టు 2011లో సీబీఎస్ఈ కేసులో చెప్పిందీ అదే. విద్యార్థి తన జవాబు పత్రం చూసుకోవచ్చు, దిద్దినవాడి పేరు మాత్రం కనపడకూడదు. మార్కులు బయట, మనిషి లోపల. కింది మెట్టు మీదున్నవాళ్ల పేరు దాచాలి, పై మెట్టు మీదున్నవాళ్ల లెక్క తెరవాలి. ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా తలకిందులు. అభ్యర్థి పేరు, వయసు, పెళ్లయిందా, పిల్లలున్నారా అన్నీ బల్ల మీద పరిచి ఉంటాయి. మార్కులు మాత్రం రహస్యం.

మాస్టారు: పిల్లల సంగతి అడగకూడదని ఇప్పుడందరికీ తెలుసు.

శిష్యురాలు: 'మీ వారెక్కడ పనిచేస్తున్నారమ్మా' అని అడుగుతారు. నన్నడిగారు. ఎక్కడో చెప్పను. ఆ కాగితం మీద మార్కులు పెన్సిల్‌తో వేశారు. అందరూ వెళ్లాక పెన్నుతో దిద్దుతారట.

మాస్టారు: పెన్సిల్ ఎందుకంటే, మొదట వచ్చినవాడికి ఎక్కువ పడితే తర్వాత వచ్చే మంచివాడికి చోటుండదు. సర్దుకోవడానికి.

శిష్యురాలు: దేన్ని సర్దుతున్నారో రాయండి మరి. వచ్చే నెల మీరు వెళ్తున్న కమిటీలోనే మొదలుపెట్టండి. ప్రతి గడి పక్కన ఒక్క వాక్యం, ఎందుకు 3, ఎందుకు 2.

మాస్టారు: పెన్నుతోనే వేస్తాను. ఎవరడిగినా నా కాగితం ఇచ్చెయ్యమని కూడా చెబుతాను. కారణం మాత్రం రాయలేనమ్మా. రోజుకి నలభై మందిని పిలుస్తారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. వినాలా, రాయాలా?

శిష్యురాలు: అయితే నలభై మందిని పిలవొద్దనండి. ఇరవై మందిని ఒకరోజు, ఇరవై మందిని ఇంకోరోజు.

మాస్టారు: రెండో రోజు టీఏ డీఏ ఎవడిస్తాడు? ఆ ఫైలు మీద సంతకం పెట్టేవాడి కారణాలు కూడా నువ్వే అడుగు!